కట్టని వేషం

మా గుంటూరు ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర పదకొండేళ్ళు పనిచేసిన మిత్రుడు క్యాన్సరుతో పోయి మొన్నటికి ఏడాదైంది. సంవత్సరీకానికి తెనాలి వెళ్ళి వచ్చినప్పటినుంచీ ఒక మాట నన్ను వదలడం లేదు. అక్కడ భోజనాల దగ్గర దాదాపు అందరం అదే అన్నాం: "ఎన్నాళ్ళుంటామో తెలియదు, ఉన్నన్నాళ్ళూ జీవితాన్ని అనుభవించాలి." నేనూ తలూపాను. తిరుగు బస్సెక్కాక గుర్తొచ్చింది, ఆ మాట నేను ఎక్కువసార్లు విన్నది ఆయన నోటనే అని. జర్దా కిళ్ళీ బుగ్గన పెట్టుకుంటూ అనేవారు.

ఆయనకు పద్యనాటకమంటే ప్రాణం. తెనాలి మనిషి కదా! తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలన్నీ కంఠతా వచ్చు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పేవేళ ఎవరైనా అడిగితే చాలు, రాగం ఎత్తుకునేవారు. పక్క సెక్షను వాళ్ళు కూడా చేతిలో ముద్దతోనే వచ్చి నిలబడేవారు. ఊళ్ళో నాటక సమాజం వాళ్ళు రెండుసార్లు కృష్ణుడి వేషం కట్టమని పిలిచారట. "రిహార్సల్సుకు తీరిక ఎక్కడిదండీ, రిటైరయ్యాక చూద్దాం" అనేవారు. కిళ్ళీకి మాత్రం రోజుకు ఆరుసార్లు తీరిక దొరికేది.

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు బుగ్గ లోపల పుండు లేచింది. "వేడి చేసింది" అన్నారు. మేమూ అదే అన్నాం. ఒకరు బీకాంప్లెక్సు మాత్రలు వేసుకోమన్నారు, ఒకరు సబ్జా నీళ్ళు తాగమన్నారు, నేను వెన్న రాయమన్నాను. అంతకు ముందునుంచే ఆయన నోరు పూర్తిగా తెరవలేకపోతున్నారని, మిరపకాయ బజ్జీని తుంచుకుని తింటున్నారని చూస్తూనే ఉన్నాం. దాని మీద హాస్యాలాడాం కూడా. వక్క నమిలేవారికి నోటి లోపలి పొర గట్టిపడి దవడ బిగుసుకుపోయే జబ్బు ఒకటుందని, అది క్యాన్సరుకు దారి తీయవచ్చని మాలో ఒక్కరికీ తెలియదు. పొగాకు సంగతి అందరూ ఎరిగిందే. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లోనే ప్రచురించింది. మూడు వారాలకు మానని నోటిపుండును డాక్టరుకు చూపించాలన్నది చాలా చిన్న సూత్రం. ఆయన నాలుగు నెలలు ఆగారు. "మార్చి లెక్కలు కానివ్వండి" అన్నారు.

ఆపరేషనులో దవడ ఎముక కొంత, నాలుక కొంత తీసేశారు. ప్రాణం నిలిచింది, పద్యం పోయింది. చూడటానికి వెళ్ళడం నేనూ మూడు ఆదివారాలు వాయిదా వేశాను, ఏం మాట్లాడాలో తెలియక. తీరా వెళ్ళేసరికి ఆయన పక్కన ఒక పలక ఉంది. సెల్‌ఫోనులో రాయబారం పద్యాలు వింటున్నారు. రాగం పైకి వెళ్ళినప్పుడల్లా దుప్పటి మీద వేళ్ళు కదులుతున్నాయి. పద్యం అయ్యాక పలక అందుకుని రాసి చూపించారు: "రెండుసార్లు పిలిచారు." నేను చదవగానే తుడిచేశారు. ఏడు నెలల తర్వాత జబ్బు తిరగబెట్టి పోయారు.

రాండీ పాష్ అనే అమెరికన్ ప్రొఫెసరు 2007 సెప్టెంబరు 18న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన 'చివరి ఉపన్యాసం' చాలామంది చూసే ఉంటారు. క్లోమ క్యాన్సరుతో 2008 జులై 25న, నలభై ఏడేళ్ళకే పోయారాయన. వేదిక మీద దండీలు తీసిన ఆయన ధైర్యమే అందరికీ గుర్తు. ఈమధ్య మళ్ళీ చూస్తే నాకు వేరే సంగతి కనిపించింది. భారరహిత స్థితిలో తేలడం, విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం రాయడం, డిస్నీలో పనిచేయడం... ఆయన చెప్పిన ఆ చిన్ననాటి కలలు జబ్బు సంగతి తెలిశాక హడావిడిగా తీర్చుకున్నవి కావు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, ఉద్యోగం చేసుకుంటూనే తీర్చుకున్నవి.

అనుభవించడమంటే మనం పొరబడుతున్నామేమో అనిపిస్తోంది. అలవాటు అడిగినదాన్ని అడిగిన క్షణాన ఇచ్చేస్తాం, దానికి 'జీవితాన్ని అనుభవించడం' అని పేరు పెడతాం. మనసు అడిగినదాన్ని మాత్రం రిటైరయ్యాక చూద్దాం అంటాం. ఒంటిని చూసుకోవడం పిరికివాళ్ళ పని అనుకుంటాం కానీ, కృష్ణుడి వేషం కట్టాలంటే ముందు గొంతు ఉండాలి కదా? ఇది పోయినవారి మీద తీర్పు కాదు. ఆయన తప్పయితే, వెన్న రాయమన్న నాదీ అంతే తప్పు.

మా అమ్మ పాడే మంగళహారతులు రికార్డు చేయాలని తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నాను. అమ్మకిప్పుడు ఎనభై రెండు. కిందటి సంక్రాంతికే గొంతు వణికింది. ఏడాదిగా దాటవేస్తున్న రక్తపరీక్షలు నిన్న చేయించుకున్నాను. ఈ ఆదివారం ఊరికి వెళుతున్నాను.

మీకూ ఇలాంటి 'రిటైరయ్యాక' ఒకటి ఉండే ఉంటుంది. అదేమిటో నాకు చెప్పనక్కర్లేదు. పిలిచేవాళ్ళు ఎన్నిసార్లు పిలుస్తారో మాత్రం ఒక్కసారి ఆలోచించండి.