కంచరపాలెం రాజుగారి గృహస్థాశ్రమం

నడివయస్సు దాటినవారి ప్రేమను ఇతివృత్తంగా గ్రహించిన చలనచిత్రాలు ధర్మవిరుద్ధాలని, భక్తులు వాటి జోలికి పోరాదని మన పెద్దలలో కొందరి నిశ్చితాభిప్రాయం. నేను ఏకీభవించలేను. అట్టి చిత్రాలలో ఒకదానిని, మన ఉత్తరాంధ్ర మట్టిలో పుట్టినదానినే తీసుకొని నా పక్షాన్ని విన్నవిస్తాను.

2018 సెప్టెంబరులో విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రానికి దర్శకుడు వెంకటేష్ మహా. విశాఖపట్టణంలోని ఆ పేటలోనే చిత్రీకరించి, అధికభాగం పాత్రలను పూర్వం నటన ఎరుగని స్థానికులకే అప్పగించారు. అందుచేత అందులోని పలుకు మన విజయనగరం, శ్రీకాకుళం వీధులలో వినవచ్చే పలుకే. యాభైకి చేరువైన రాజు ఒక కార్యాలయంలో అటెండరు. అవివాహితుడు, ఆ కారణంగానే ఊరందరికీ పరిహాసపాత్రుడు. ఒడిశాకు చెందిన రాధ ఆ కార్యాలయానికి అధికారిణిగా వస్తుంది. ఆమె వితంతువు, యుక్తవయస్కురాలైన కుమార్తెకు తల్లి. వారి స్నేహం పరిణయానికి దారితీయడం ఒక కథ. దానికి సమాంతరంగా ఒక పాఠశాల బాలుని కథ, ఒక యువకుని కథ, మద్యం దుకాణంలో పనిచేసే మరొకని కథ నడుస్తాయి. ఆ మూడు ప్రేమలూ భగ్నమవుతాయి. తుదకు ఆ నలుగురూ ఒక్క మనిషేనని తెలుస్తుంది. (చూడనివారికి ముందే చెప్పివేశాను. పురాణశ్రవణానికి అలవాటుపడిన మనకు కథాంతం తెలిసి వినడం నష్టం కాదు గదా!)

దేహికి కౌమారం, యౌవనం, జర ఎట్లు ప్రాప్తిస్తాయో గీత ద్వితీయాధ్యాయంలో భగవానుడు చెప్పి ఉన్నాడు. ఆ శ్లోకానికి వ్యాఖ్యానం చెప్పేటప్పుడు శ్రోతలు తల ఊపుతారు గాని, అవస్థలు మారినా మనిషి ఒక్కడే అన్న మాట వారి అనుభవానికి అందదు. ఇక్కడ ప్రేక్షకుడు రెండు గంటలకు పైగా నామరూపాలను చూచి నలుగురనుకొంటాడు; ఒక్క క్షణంలో ఆ భేదం తొలగిపోతుంది. దర్శకునికి వేదాంతోద్దేశం ఉన్నదని నేను ఆరోపించను. రాజు దైవవిముఖుడు కూడాను. అయితే దేవునిపై అలిగినవానిని చూచి భక్తుడు భయపడవలసిన పనిలేదు. అలుక కూడ ఒక సంబంధమే.

ఇక నవ్విస్తూనే కన్నీరు పెట్టించడం అసహజమనే ఆక్షేపణ. భరతముని శృంగారం నుండి హాస్యం ఉద్భవిస్తుందన్నాడు. తరువాతి ఆలంకారికులు హాస్యకరుణలను విరోధిరసాలుగా గణించారు. ఆనందవర్ధనుడు మాత్రం విరోధిరసాలను సైతం అంగాంగిభావంతో కూర్చవచ్చునని మార్గం చూపాడు. ఈ చిత్రంలో శృంగారమే అంగి. హాస్యకరుణలు దానికి పరిచారకులు. ఈ కూర్పు మన ప్రాంతానికి కొత్తది కాదు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో కొత్త రూపం దాల్చిన గురజాడవారి ‘కన్యాశుల్కం’ అట్టిదే గదా! 1955లో పి. పుల్లయ్యగారు దానిని చిత్రంగా తీస్తే సావిత్రి మధురవాణి అయినది. కడుపుబ్బ నవ్వించిన ఆ నాటకం ముగింపులో సౌజన్యారావు పంతులు ఒక వేశ్య చేతిలో ఉంచినది భగవద్గీతను. దానిని సభవారు నవ్వుతూ స్వీకరించగలిగినప్పుడు రాధ మెడలో మంగళసూత్రాన్ని స్వీకరించడానికి మనకు అభ్యంతరమేమి?

అసలు అభ్యంతరం ఆశ్రమధర్మం పేరిట వస్తుంది. “వానప్రస్థానికి పోవలసిన వయస్సులో పెండ్లా?” అంటారు. మనుస్మృతి వానప్రస్థాన్ని విధించినది ఎవరికి? తన దేహంపై ముడుతలను, నెరసిన వెంట్రుకలను, తన సంతానానికి సంతానాన్ని చూచిన గృహస్థునికి. ఇల్లే కట్టనివానిని ఇల్లు విడిచి అడవికి పొమ్మనడం ఏ శాస్త్రం? ఆశ్రమం అధికారాన్ని అనుసరిస్తుంది గాని, సంవత్సరాల లెక్కను కాదు. రాధ విషయంలో పరాశరస్మృతి ఉన్నది. భర్త మృతుడైనప్పుడు, మరి నాలుగు ఆపదలలోను స్త్రీకి అన్యపతి విధింపబడిన వచనాన్ని ఆధారంగా చేసుకొనే ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పోరాడాడు. 1856లో శాసనం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ పరాశరవచనానికి వేరు అర్థం చెప్పే పండితులున్నారని ఎరుగుదును. వారి పాండిత్యానికి నమస్కరిస్తాను, వారి అర్థాన్ని అంగీకరించను.

చిత్రానికి ఒక పరిమితి ఉన్నది, దానిని దాచనక్కరలేదు. తనకు తోడు ఎవరో తెలుసుకోవడమే తనను తాను తెలుసుకోవడమని ఈ కోవ చిత్రాలన్నీ భావిస్తాయి. బృహదారణ్యకం అక్కడితో ఆగదు. పతి ప్రియుడగుట పతి కొరకు కాదు, ఆత్మ కొరకేనని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఉపదేశించాడు. కాని ఆ ఉపదేశం ఎక్కడ జరిగినదో గమనించండి. గురుకులంలో కాదు, యజ్ఞశాలలో కాదు. ఇద్దరు భార్యలున్న ఇంటిలో, ఆస్తి పంచి ఇల్లు విడువబోతున్న భర్తకు, ధనంతో అమృతత్వం వస్తుందా అని నిలదీసిన భార్యకు నడుమ. మధ్యవయస్సు దాంపత్యం ఆత్మవిచారానికి అడ్డమైతే ఉపనిషత్తు దానిని పీఠంగా ఎన్నుకొని ఉండేది కాదు.

గత సంవత్సరం మా ఆలయానికి ఇద్దరు వచ్చి ముహూర్తం అడిగారు. ఆయనకు అరవై, ఆమెకు కొంత తక్కువ. ఇరువురూ సహచరులను కోల్పోయినవారే. మంటపంలో కూర్చున్న ఒక పెద్దాయన నవ్వి, “రామకోటి రాసుకునే వయస్సులో పెళ్ళేమిటమ్మా?” అన్నారు. ఆమె తల దించుకోలేదు. “రాస్తన్నాను బాబూ. రోజూ ఎంత రాసేనో అడగడానికి ఇంట్లో ఒక మనిషుండాల కదా” అన్నది. పెద్దాయన మరి మాట్లాడలేదు. పునర్వివాహంలో కన్యాదాన ప్రయోగం ఎట్లు జరుపవలెనన్న సంశయం పురోహితులలో ఉన్నది. అది ప్రత్యేకంగా వ్రాయవలసిన విషయం. నేను పంచాంగం తెరచి ఫాల్గుణంలో ముహూర్తం పెట్టాను.