సోఫా పైన బొమ్మ సరే, కాగితం ఏదీ?

ఆన్‌లైన్‌లో ఆర్ట్ ప్రింట్లు అమ్మే పేజీ ఏది తెరిచినా దాదాపు ఒకటే దృశ్యం. తెల్లటి గోడ, బూడిదరంగు సోఫా, దాని పైన సన్నని ఫ్రేములో బొమ్మ. ఆ గోడా ఆ సోఫా చాలాసార్లు ఎక్కడా లేవు. కంప్యూటర్‌లో రెడీమేడ్‌గా దొరికే గది బొమ్మలో ప్రింటు ఫైలును అతికిస్తారు. ఆర్డరు వచ్చాకే ప్రింటు తీసే వ్యాపారంలో అయితే, ఫొటో పెట్టిన నాటికి ఆ ప్రింటే పుట్టి ఉండదు.

పోస్టర్ కొనేవారికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. దెబ్బ తగిలేది పలకలు చెక్కి, సిరా పూసి, చేత్తో ముద్రలు తీసే కళాకారులకు. చిత్తూరు ప్రాంతంలో పుట్టి పారిస్‌లోని అటెలియే 17లో పనిచేసిన కృష్ణారెడ్డి సంగతే తీసుకుంటే, లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, చిక్కదనంలో తేడా ఉన్న సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో పూసి, ఒకే పలక నుంచి పలు రంగుల ముద్ర తీసే విస్కాసిటీ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యులు. ఆ కాగితం మీద మిట్టపల్లాలుంటాయి. లక్ష్మాగౌడ్ ఎచింగుల వంటి వాటిలో పలక అంచు కాగితంలోకి దిగిన నొక్కు కనిపిస్తుంది. సోఫా బొమ్మలో ఇవేవీ ఉండవు. వందల రూపాయల ఇంక్‌జెట్ ప్రతి, వేల రూపాయల ఎచింగు అక్కడ కవల పిల్లలు.

చిక్కు ఫొటో తీయడంలోనే ఉంది. రంగులు సరిగా రావాలంటే రెండు వైపుల నుంచీ సమానంగా వెలుతురు పడాలి. ఆ వెలుతురులో మిట్టపల్లాలు చదునైపోతాయి. అవి తేలాలంటే ఒక పక్క నుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడేమో రంగు ఒక వైపు మసకబారుతుంది. అందుకే ఒక్క ఫొటో చాలదు. అద్దం బిగించకముందే తీసిన నిండు ఫొటో, ఏటవాలు వెలుగులో ఒక మూల, కింద పెన్సిల్‌తో రాసిన 12/50 లాంటి ప్రతి సంఖ్య, సంతకం, పక్కన స్కేలు ఉండాలి. దీనికి ఫోన్ కెమెరా చాలు. మరీ దగ్గరగా పెడితే అంచులు వంగుతాయి కాబట్టి కాస్త వెనక్కి జరగాలి, అంతే.

మాటలతోనూ మసక కమ్ముతారు. ‘జిక్లే’ అనగానే అదేదో పాత ఫ్రెంచి హస్తకళ అనిపిస్తుంది. అది 1991లో అమెరికాలో ఇంక్‌జెట్ ప్రింట్లకు పెట్టిన పేరు. మంచి కాగితం, మంచి సిరా వాడితే జిక్లే తీసిపారేయాల్సిందేమీ కాదు. పేరు చెప్పి పద్ధతి దాచడమే తప్పు.

ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోతే విక్రేత దాన్ని వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనలు చెబుతున్నాయి. కానీ పద్ధతి గురించి పేజీలో ఒక్క ముక్కా లేనప్పుడు కొన్నవారు దేన్ని చూపించి వాదించాలి? ‘ప్రింట్, ఫ్రేముతో సహా’ అని మాత్రమే రాసినవాడు అబద్ధం చెప్పినట్టు కాదు. చీరకు బట్ట రకం అడిగినట్టే, ముద్రణ పద్ధతి, కాగితం, ప్రతుల సంఖ్య రాయనిదే బొమ్మ అమ్మకానికి రాకుండా వేదికలే కట్టడి చేయాలి. అంతవరకు, వెనక వైపు ఫొటో ఒకటి పంపమని విక్రేతను అడగడం కొనేవారి చేతిలో పని. ఎచింగు అయితే పలక నొక్కు అటు వైపూ తెలుస్తుంది.