పంట రుణానికి ఫోను నంబరు కూడా ఒక పత్రమే

పంట రుణానికి వచ్చిన రైతును బ్యాంకు అడిగే పత్రాలు పాఠకులకు తెలిసినవే. పట్టాదారు పాసుపుస్తకాన్ని, ఆధార్‌ను శ్రద్ధగా పరిశీలించే మనం, దరఖాస్తులో ఒక మూల వ్రాసే ఫోను నంబరుకు తగిన ప్రాధాన్యం ఇవ్వడం లేదు. ఖాతాలో సొమ్ము జమ అయినా, తీసినా, బాకీ గడువు సమీపించినా సమాచారం చేరేది ఆ నంబరుకే. ఓ.టి.పి. వచ్చేదీ దానికే. ఒక విధంగా అది ఖాతాదారు రెండవ సంతకం. కాబట్టి టెలికాం రంగంలో కేంద్ర ప్రభుత్వం, నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇటీవల చేసిన మార్పులు గ్రామీణ పరపతికి సంబంధించినవి కావని భావించడం సరికాదు.

ఇందులో రైతుకు కలిగే నష్టమెంతో గమనించండి. 2025–26 సంవత్సరానికి కేంద్రం కొనసాగించిన వడ్డీ రాయితీ పథకం ప్రకారం, సకాలంలో బాకీ తీర్చిన కిసాన్ క్రెడిట్ కార్డుదారుకు 3 శాతం ప్రోత్సాహకం లభిస్తుంది. లక్ష రూపాయల రుణంపై ఇది ఏడాదికి మూడు వేల రూపాయలు. గడువు తెలిపే సందేశం అందక ఆలస్యం చేసిన రైతు ఈ మొత్తాన్ని కోల్పోతాడు.

మారిన నిబంధనలు

1885 నాటి తంతి చట్టం స్థానంలో 2023 డిసెంబరులో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది. అందులోని కొన్ని సెక్షన్లు 2024 జూన్, జూలై నెలలలో అమలులోకి వచ్చాయి. మారుమూల ప్రాంతాలకు ఫోను సౌకర్యం కల్పించే సార్వత్రిక సేవా నిధి దీనితో ‘డిజిటల్ భారత్ నిధి’ అయింది.

సామాన్య ఖాతాదారుకు ఇంతకన్నా దగ్గరి మార్పు 2024 డిసెంబరులో వచ్చింది. ఇంటర్నెట్ అవసరం లేనివారి కోసం మాటలకు, సందేశాలకు మాత్రమే పరిమితమైన రీఛార్జి పథకం కనీసం ఒకటైనా ఉంచాలని ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. ప్రత్యేక రీఛార్జిల గరిష్ఠ కాలపరిమితిని 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. సాధారణ ఫోను వాడే వృద్ధులకు, కూలీలకు ఇది మేలు చేసే నిర్ణయమే. అయితే ధరను కంపెనీల ఇష్టానికే వదిలివేసింది. ధర అందుబాటులో లేనప్పుడు పథకం ఉండీ ప్రయోజనం స్వల్పం.

మోసపు కాల్స్ అరికట్టడానికి బ్యాంకులు తమ ఖాతాదారులకు 160తో మొదలయ్యే ప్రత్యేక నంబర్ల నుంచే సేవా కాల్స్ చేయాలని నిర్ణయించారు. ఇందుకు వాణిజ్య బ్యాంకులకు 2026 జనవరి 1ని, గ్రామీణ, సహకార బ్యాంకులకు 2026 మార్చి 1ని ట్రాయ్ గడువుగా విధించింది. ప్రకటనల కాల్స్‌కు 140 శ్రేణిని కేటాయించారు. అయితే ఏ నంబరు నుంచి అడిగినా ఓ.టి.పి., పిన్ చెప్పరాదన్న హెచ్చరికలో మార్పు లేదు. మోసం జరిగిన వెంటనే 1930కు ఫోను చేయాలి.

మిగిలిన లోపం

ఈ నిబంధనలన్నీ రికార్డులో ఉన్న నంబరు ఖాతాదారుదే అన్న నమ్మకంపై ఆధారపడి ఉన్నాయి. గ్రామాలలో పరిస్థితి అలా లేదు. కొందరి ఖాతాలకు ఎరువుల దుకాణదారు నంబరు, మరికొందరికి పట్నంలో ఉండే కుమారుని నంబరు ఉంటుంది. పనికోసం వలసపోయినవారు అక్కడ మరో సిమ్ కొని పాతదానిని వదిలివేస్తారు. 90 రోజులు వాడకపోతే ఆ నంబరు రద్దు కావచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో కొద్దిపాటి నిలువ ఉంచి దానిని నిలుపుకొనే వీలు 2013 నిబంధనలలో ఉన్నా, తెలిసినవారు తక్కువ. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల వరకు ఇతరులకు ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. అంటే ఒక పంటకాలం గడిచేసరికి రైతు ఖాతా సమాచారం అపరిచితుని చేతిలో పడవచ్చు!

రద్దయిన నంబర్ల జాబితాతో తమ రికార్డులను సరిచూసుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు సూచించింది. జాబితా పాత నంబరు రద్దయిందని చెప్పగలదే గాని కొత్త నంబరేదో చెప్పలేదు. దుకాణదారు నంబరు సక్రమంగా పనిచేస్తూనే ఉంటుంది కనుక అది జాబితాకు చిక్కదు. ఆ పని శాఖలోనే జరగాలి.

రుణ నవీకరణకు వచ్చిన ప్రతి ఖాతాదారు నంబరుకు, అతడు ఎదుట ఉండగానే శాఖ నుంచి ఫోను చేసి చూడండి. అతని చేతిలోని ఫోను మ్రోగకపోతే నంబరు మార్పు దరఖాస్తు అప్పుడే తీసుకోండి. సంఘ కార్యదర్శులు, బ్యాంకు మిత్రలు ఇదే పని గ్రామంలో చేయవచ్చు. సిబ్బందికి ఉన్న పని చాలదా అని కొందరు అడుగవచ్చు. ఫోను మ్రోగించడానికి ఒక నిమిషం చాలు. పోయిన సొమ్ముకోసం రైతు, బ్యాంకు తిరిగే నెలలతో పోల్చితే అది భారం కాదు.