ఆ సెల్యూట్ ఆమె చూడకూడదా?

డ్యూటీలో ఉండగా ప్రాణం పోయిన పోలీసు ఉద్యోగికి డిపార్టుమెంటు వాళ్ళు చేసే ఆఖరి మర్యాద ఎప్పుడైనా చూశారా? నాకు దాని మీద ఏ పేచీ లేదని ముందే చెప్పేస్తున్నాను. పేచీ వేరే ఉంది. దానికి తరవాత వస్తాను.

ఖాకీ దుస్తుల్లో వరసగా నిలబడతారు జవాన్లు. 'శోక్ శస్త్ర్' అని కేక వినబడగానే అందరూ ఒక్కసారిగా తుపాకుల్ని తలకిందులు చేసి, గొట్టం మొన బూటు మీద ఆనించి, తలలు వంచుతారు. ఎదటివాడి మీద గురిపెట్టవలసిన ఆయుధం అలా నేలచూపులు చూస్తుంటే, ఎంత గుండె నిబ్బరం ఉన్నవాళ్ళకైనా గొంతుకలో ఏదో అడ్డం పడుతుంది. గాలిలోకి మూడు రౌండ్లు పేలుస్తారు. బ్యూగిల్ మీద 'లాస్ట్ పోస్ట్' ఊదుతారు. ఒకప్పుడు ఇంగ్లీషు సైన్యంలో రాత్రి కాపలాలన్నీ సరిచూసుకున్నాం అని చెప్పడానికి ఊదే పాట అది. 'నీ డ్యూటీ అయిపోయిందయ్యా, ఇక పడుకో' అన్నమాట. మనవాళ్ళు దింపుడు కళ్ళం దగ్గర చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. వీళ్ళు మూడుసార్లు తుపాకులు పేలుస్తారు. రెండూ మనిషిని ఊరికే పంపలేక చేసేవే.

బతికుండగా సెలవడిగితే కసిరి, చచ్చాక సెల్యూట్ కొడతారా, చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా అని ఎద్దేవా చేసేవాళ్ళున్నారు. ఆ వాదన నాది కాదు. పండగనాడు మనం పిండివంటలు చేసుకుంటూ ఉంటే కూడలిలో ఎండకి నిలబడే మనిషి అతను. పోయాకనైనా పదిమంది అతని ముందు తల వంచితే తప్పేముంది? వంచాలి కూడా.

నా పేచీ అల్లా ఒక్కటే. ఇంత చక్కటి మర్యాద జరిగేచోట చాలాసార్లు ఒక మనిషి ఉండదు. ఆ మనిషి అతని భార్య.

ఎందుకు ఉండదో మీకు చెప్పాలా? తుపాకుల మర్యాద జరిగేది శ్మశానంలో. మన మధ్యతరగతి హిందూ ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరాదు. జిల్లా కేంద్రంలో పోలీసు పరేడ్ గ్రౌండులో పూలగుచ్ఛాలు ఉంచేటప్పుడు ఆమె కనబడుతుంది. అక్కడ ఆమె ఏడుస్తుంటే ఫోటోలు తీసేవాళ్ళకీ కొదవ ఉండదు. ఆ తరవాత సొంత ఊరికి తీసుకెళ్ళి పాడె ఎత్తగానే, సందు చివర నలుగురూ ఆమె రెక్కలు పట్టుకుని ఆపేస్తారు. ఇరవై ఏళ్ళు అతని యూనిఫారం ఉతికి, ఇస్త్రీ చేయించి, బందోబస్తు నుంచి ఏ అర్ధరాత్రో వస్తే లేచి చారు వెచ్చబెట్టిన మనిషికి ఆ తుపాకుల చప్పుడు దూరం నుంచి వినబడుతుంది. అంతే ఆమె వాటా.

చరిత్ర కాస్త చెబుతాను. 1959 అక్టోబరు 21న లడఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ అనేచోట చైనా సైనికులు కాల్పులు జరిపితే మన పోలీసులు పదిమంది చనిపోయారు. చైనావాళ్ళు ఆ శరీరాలని మూడు వారాల తరవాత గాని అప్పగించలేదు. పదిహేను వేల అడుగులకు పైనున్న ఆ మంచు ఎడారిలోనే వాళ్ళకి పోలీసు లాంఛనాలతో దహనం చేశారు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు పెద్దలంతా సమావేశమై ఏటా అక్టోబరు 21న అమరుల దినం జరపాలని నిర్ణయించారు. ఇప్పటికీ జరుపుతున్నారు. 2018లో అదే తేదీన ఢిల్లీలో చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించారు. ముప్ఫై అడుగుల నల్లరాయి, గోడ మీద స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి పోయినవాళ్ళ పేర్లు, 34 వేలకు పైగా.

హాట్ స్ప్రింగ్స్‌లో చితి అంటుకున్నప్పుడు ఏ భార్యా ఏ తల్లీ అక్కడ లేదు. ఆ కొండల్లోకి ఎవరు వెళ్ళగలరు? అప్పుడది గత్యంతరం లేని పని. ఇప్పుడు శ్మశానం ఎంత దూరం? ఆటో ఎక్కితే పది నిమిషాలు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో మన గ్రేహౌండ్స్ వాళ్ళ లాంచీ మీద మావోయిస్టులు కాల్పులు జరిపితే ముప్ఫైమందికి పైగా పోయారు. ఆ తరవాతి రోజుల్లో మన జిల్లాల్లో ఎన్ని ఊళ్ళలో బ్యూగిల్ మోగిందో! ఎంతమంది ఆడవాళ్ళు సందు చివర నిలబడి విన్నారో!

ఈ మాటే మా పక్కవాటా పిన్నిగారితో అంటే ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు.

"ఆడది శ్మశానానికి వెళ్ళడమేమిటే తల్లీ! శాస్త్రం ఒప్పుకుంటుందా? అయినా ఆ చితి చూసి తట్టుకోగలదా?"

ముందు శాస్త్రం సంగతి చూద్దాం. మహాభారతంలో స్త్రీపర్వం అని ఒక పర్వమే ఉంది కదా. గాంధారి, కోడళ్ళు, కురువంశపు ఆడవాళ్ళంతా కురుక్షేత్రానికి వెళ్ళి తమవాళ్ళ శవాల మధ్య తిరుగుతూ ఏడుస్తారు. వాళ్ళని గుడారం దగ్గర ఆగిపొమ్మని వ్యాసులవారు రాయలేదు. దాన్ని తెలుగు చేసిన తిక్కనగారూ ఆపలేదు. సరే, అది రాచకుటుంబాల వ్యవహారం అనుకుందాం. మరి చంద్రమతి? పాము కరిచి పోయిన కొడుకుని చేతులమీద ఎత్తుకుని ఒంటరిగా కాటికి వెళ్ళింది. హరిశ్చంద్ర నాటకంలో ఆ కాటి సీనుకి రాత్రంతా మేలుకుని కూచుని వన్స్ మోర్లు కొట్టిన జాతి మనది! స్టేజీ మీద చంద్రమతి కాటికి వెళ్తే కన్నీళ్ళు పెట్టుకుంటాం, మన వీధిలో ఒక హెడ్ కానిస్టేబుల్ భార్య వెళ్తానంటే నోరు నొక్కేస్తాం. క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు సమాధి దాకా వెళ్ళి పిడికెడు మన్ను వేసి వస్తారు. వాళ్ళకేం అరిష్టాలు రావడం లేదే!

ఇక తట్టుకోలేదన్న మాట. ఇది వింటే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. తట్టుకోలేని ఆ మనిషినే పదోరోజున పీట మీద కూచోబెట్టి, పసుపు రాసి, గాజులు తొడిగి, మళ్ళీ అవే గాజులు పగలగొట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అదంతా ఆమె తట్టుకోవాలి! భర్తకి నలుగురు నమస్కరిస్తుంటే చూడ్డం మాత్రం తట్టుకోలేదు! అవమానం భరించే శక్తి ఉన్న మనిషికి గౌరవం చూసే శక్తి ఉండదా?

ఇంకో మాట. ఇవాళ పోలీసుల్లో ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. సి.ఆర్.పి.ఎఫ్.లో 1986లోనే మహిళా బెటాలియన్ ఏర్పాటయింది. ఆ బెటాలియన్‌కి చెందిన కానిస్టేబుల్ కమలేష్ కుమారి 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు, చేతిలో తుపాకీ కూడా లేకుండా, ఉగ్రవాదులు వస్తున్నారని కేకలు పెట్టి హెచ్చరించి ప్రాణం వదిలింది. ఆమెకి మరణానంతరం అశోక చక్రం ఇచ్చారు. అటువంటి ఇంట్లో భర్తని ఎవరైనా సందు చివర ఆపుతారా? "నువ్వు తట్టుకోలేవు బాబూ, ఇంట్లో కూచో" అంటారా? అనరు. ఖాకీ కట్టుకున్న ఆడపిల్ల డ్యూటీ మీద శ్మశానానికి వెళ్ళి తుపాకీ పట్టుకోవచ్చు. పోయినవాడి పెళ్ళాం మాత్రం గేటు దాటకూడదు. ఇదెక్కడి న్యాయమో నాకు బోధపడదు.

జెండా సంగతి కూడా ఆలోచించండి. శరీరం మీద కప్పిన జాతీయ జెండాని చితిలో కాల్చకూడదని నియమం. నిప్పు పెట్టేముందు తీసి మడవాలి. మడిచి ఎవరి చేతికివ్వాలి? ఆమె అక్కడ లేదు గనక తండ్రికో, బావగారికో, మీసాలు రాని కొడుక్కో ఇస్తారు. ఏ చేతులు మారి, ఏ బీరువాలోకి చేరుతుందో దానికి! డెత్ సర్టిఫికెట్టు, పెన్షన్ కాగితాలు, కారుణ్య నియామకం అర్జీ వచ్చేసరికి మాత్రం ఆమె స్వయంగా రావాలి, ప్రతి పేజీ మీదా ఆమే సంతకం పెట్టాలి. గుమాస్తా టేబులు ముందు ఆమె లేకపోతే పని జరగదు. సెల్యూట్ ముందు లేకపోతే జరిగిపోతుంది.

డిపార్టుమెంటు పెద్దలకి ఇది డబ్బుతో పనిలేని కోరిక. పాడె ఎత్తకముందే ఒక ఆడ ఆఫీసరు ఆమె దగ్గర కూచుని, "అమ్మా, అక్కడ ఇలా ఇలా చేస్తాం, తుపాకులు మూడుసార్లు పేలతాయి, పిల్లలు జడుసుకోకుండా పట్టుకోండి, మీరు వస్తారా?" అని అడగాలి. మామగారిని కాదు, ఆమెని. వస్తానంటే జీపు పంపాలి, కుర్చీ వేయాలి. రాలేనంటే, తుపాకుల మాట ఎలా ఉన్నా, ఆ తల వంచడం, ఆ బ్యూగిల్ ఆమె గుమ్మం ముందే జరపాలి. జెండా, టోపీ ఆమె చేతుల్లోనే పెట్టాలి. రానన్నవాళ్ళని బలవంతపెట్టమని నేననడం లేదు. అడగమంటున్నాను.

డిపార్టుమెంటు అడిగినంత మాత్రాన సరిపోదు. సందు చివర ఆమె రెక్కలు పట్టుకుని ఆపేది ఎస్పీగారు కాదు కదా! ఆ పని చేసేది పిన్నులూ వదినగార్లూ మేనత్తలూ. ఈసారి అటువంటి ఇంటికి పలకరింపుకి వెళ్తే ఆమె చెయ్యి పట్టుకోండి, తప్పకుండా పట్టుకోండి. జీపు దాకా నడిపించడానికి.