సలహా లేని కౌన్సెలింగు

మన రెండు తెలుగు రాష్ట్రములలో 'కౌన్సెలింగు' అను మాట నెఱుగని యిల్లు లేదు. కాని ఆ మాటకు మనవారిలో రూఢియైన యర్థమే వేఱు. 1986లో ఎంసెట్ పరీక్ష ఏర్పడిన పిమ్మట, ర్యాంకు వచ్చిన విద్యార్థి తన సర్టిఫికెట్లు చూపించి, కళాశాలల పట్టికలో గుర్తులు పెట్టి, సీటు పొందు తంతునకు ఆ పేరు స్థిరపడినది. పరీక్ష పేరు నేడు ఈఏపీసెట్‌గా మాఱినను తంతు మాఱలేదు. అందు సలహా యడుగువాడును లేడు, చెప్పువాడును లేడు. ర్యాంకును బట్టి యంత్రమొక కళాశాల పేరు చూపును, అంతియే. సలహా యని యర్థమిచ్చు పదము సలహా లేని కార్యమునకు పేరగుట నవ్వు పుట్టింపవచ్చును గాని, మన బిడ్డల చదువుల స్థితి చాలవఱకు ఆ యొక్క మాటలోనే యిమిడియున్నదని మాకు తోచుచున్నది.

2025 జూలై 25వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పొకటి ఈ స్థితిని కదల్పజూచుచున్నది. ఆ వ్యాజ్యము ఆంధ్రదేశమునుండి పోయినదే. వైద్యకళాశాల ప్రవేశపరీక్షకు చదువుకొనుటకై విశాఖపట్టణము వచ్చి వసతిగృహమున నుండిన పదునేడేండ్ల బాలిక 2023లో మరణించినది. దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగింపవలెనని ఆమె తండ్రి చేసికొన్న ప్రార్థనను న్యాయమూర్తులు విక్రమనాథ్, సందీప్ మెహతా గారలు మన్నించి, అంతటితో నాగక, దేశమునందలి విద్యాలయముల కన్నింటికిని వర్తించు నియమములను విధించిరి. నూఱుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతిచోటను అర్హతగల సలహాదారు ఒక్కరైన నుండవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేఱువేఱు జట్లుగా విడదీయుట సాధ్యమైనంతవఱకు మానవలెను. చదువును, వృత్తిని గూర్చిన సలహా విద్యార్థులకే గాక తల్లిదండ్రులకును క్రమముగా నందవలెను. తగిన చట్టము వచ్చువఱకు ఈ నియమములే చట్టమై చెల్లును.

తీర్పు సంతోషింపదగినది. కాని న్యాయస్థానముల గడపలలో ఇరువదియేండ్లు మెలగినవారము గనుక మాకొకటి తెలియును. డిక్రీ పొందుట యొక యెత్తు, దానిని అమలు జరిపించుట మఱియొక యెత్తు. ఈ విషయమున మనకు కాగితములకు కఱవెన్నడును లేదు. 1952–53 నాటి మొదలియారు సంఘము ఉన్నత పాఠశాలలలో విద్యార్థులకు మార్గదర్శన మవసరమని వ్రాసినది. 1964–66 నాటి కొఠారీ సంఘము మఱింత దయతలచి, ప్రతి పాఠశాలకును ఒక్కొక్కరిని నియమింప శక్తి లేకున్న, పది పాఠశాలలకొక సలహాదారును నియమించి వంతులవారీగా త్రిప్పుడని సులభమైన దారి చూపినది. ఇది యఱువదియేండ్ల నాటి మాట. ఏ పల్లెటూరి పాఠశాలలో విచారించినను ఆ తిరుగు మనిషిని కన్నులార చూచినవారు అరుదు. తరువాతి సంఘములు వేఱొక కారణమున పుట్టినవి. ఇంటర్మీడియేటు కళాశాలలలో విద్యార్థుల మరణములను గూర్చి 2001లో నీరదారెడ్డి సంఘమును, 2017లో చక్రపాణి సంఘమును విచారించినవి. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన కొలదిదినములలో ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. బిడ్డ పోయిన తరువాత సంఘము వచ్చును. బిడ్డ యుండగా సలహాదారు రాడు.

సలహాదారు లేని చోటు శూన్యముగా నుండలేదు. అందు 'పి.ఆర్.ఓ.' వచ్చి కూర్చుండెను. పదవతరగతి పరీక్షలకు మూడు నాలుగు నెలలు ముందుగనే యీతడు విద్యార్థుల చిరునామాలు, తండ్రుల ఫోను నంబరులు సంపాదించును. తండ్రి పనినుండి తిరిగివచ్చు వేళ నెఱిగి యింటికి వచ్చును. అరుగుమీద కూర్చుండి మంచినీళ్లు పుచ్చుకొని, "అన్నగారూ, మన పాప తెలివైనది. సంక్రాంతి లోపల సీటు ఖాయం చేసుకుంటే ఫీజు తగ్గిస్తాము" అనును. ఇన్ని అడ్మిషనులు తేవలెనని అతని నెత్తిన నొక లెక్క యున్నది. ఆ లెక్క సంగతి తండ్రికి తెలియదు. గడువునకు ముందు ప్రవేశములు జరుపరాదని ఇంటర్మీడియేటు బోర్డులు హెచ్చరికలు చేయుచునే యున్నవి. రసీదులు చేతులు మాఱుచునే యున్నవి. ఆ పి.ఆర్.ఓ.ను మేము నిందింపము. అతడును ఒకప్పుడు ఎం.పి.సి. చదివి, తగిన కొలువు దొరకక యీ పనికి వచ్చినవాడే కావచ్చును.

ప్లీడరు కొడుకునకు ఈ బాధ లేదు. ఇంట అడుగుటకు తండ్రి యున్నాడు, మేనమామ యున్నాడు. మగ్గము నేయువాని కూతురు, ఆటో నడుపువాని కొడుకు ఎవరి నడుగవలెను? పదవతరగతి కాగానే పాలిటెక్నిక్కులో మూడేండ్లు చదివి డిప్లమా పొందినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములోనే ప్రవేశింపవచ్చునని ఆ యింట చెప్పువారెవరు? 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలు పదవతరగతి మార్కులతోనే పిల్లలను చేర్చుకొనునని, ప్రభుత్వ పాఠశాలల పిల్లల వైపు కొంత మొగ్గు చూపునని చెప్పువారెవరు? బై.పి.సి. యనిన వైద్యమొక్కటే కాదు, వ్యవసాయశాస్త్రమును గలదు. హెచ్.ఇ.సి. చదివినవారు లాసెట్ వ్రాసి అయిదేండ్ల న్యాయవిద్యలో చేరవచ్చును, జాతీయ రక్షణ అకాడమీ పరీక్ష వ్రాసి సైన్యమున నధికారులు కావచ్చును. 2021 నుండి ఆ ద్వారము బాలికలకును తెఱవబడినది. గణితము వదలినవారికి ఇంజనీరింగు చాలవఱకు మూసికొనిపోవునను మాట గూడ ముందుగ చెప్పదగినదే. పదునైదేండ్ల బిడ్డ కొలదివారములలో చేయు ఎంపిక నలువదియేండ్ల బ్రతుకును నిర్ణయించుచున్నది. ఒక మేక నమ్మునప్పుడైనను మనవారు నలుగురి నడుగుదురు.

తీర్పు ప్రకారము కళాశాలలే సలహాదారులను నియమించును గదా యని కొందఱందురు. ఇచ్చటనే మా సందేహము. ఒకే వ్యాజ్యములో వాదికిని ప్రతివాదికిని వకాల్తా పుచ్చుకొన్న ప్లీడరును ఏ బారును సహింపదు. కళాశాల జీతము తినువాడు, "అమ్మా, ఈ గ్రూపు నీకు తగదు, పాలిటెక్నిక్కునకు పొమ్ము" అని చెప్పునా? చెప్పినచో ఆ కళాశాలకు రెండేండ్ల ఫీజు నష్టము, అతనికి ఉద్యోగము నష్టము. కలతపడిన మనసును కుదుటపఱచుటకు కళాశాలలో మనిషి యుండవలసినదే, మేము కాదనము. దారి చూపువాడు మాత్రము అమ్మవలసిన సీటు లేనివాడై యుండవలెను. అతడు రావలసినది ఇంటర్మీడియేటులో చేరిన తరువాత కాదు, ఎనిమిదవ తరగతి నాడు.

ఈ విద్యకు పుట్టుక స్థానములలో నొకటి అమెరికాలోని బోస్టను నగరము. ఇంజనీరింగు చదివి, న్యాయవాదియై, బోధకుడైన ఫ్రాంక్ పార్సన్స్ 1908లో అచ్చట వృత్తి సలహా కార్యాలయము తెఱచినది ధనికుల వీథిలో గాదు, పొట్టచేత బట్టుకొని వచ్చిన వలసకూలీల పేటలో. రెండేండ్లకు, 1910లో, బందరున మన పెద్దలు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి అక్షరమునకు పనిముట్టును జోడించిరి. చేతిపని చదువులేనివాని పాలు అను తలపును వారంగీకరింపలేదు. ఐ.టి.ఐ. పేరెత్తిన మొగము చిట్లించు నేటి తండ్రులు ఆ సంగతి తెలిసికొనదగినది.

ఉభయ ప్రభుత్వములును కొఠారీ సంఘము చెప్పిన చొప్పున పది పాఠశాలల కొకరిని, ప్రభుత్వ జీతము మీదనే, నియమింపవలెను. ఆ నియామకములు జరుగువఱకు పఠనమందిరములు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. కార్యదర్శులు ఈ నెలలో నొక ఆదివారము సాయంకాలము ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను, ముఖ్యముగా వారి తల్లులను పిలువవలెను. ఆ యూరి నర్సును, లైన్‌మన్‌ను, సర్వేయరును, బ్యాంకు గుమాస్తాను, వ్యవసాయాధికారిని ఎదుట కూర్చుండబెట్టవలెను. ఏమి చదివితిరి, ఎన్నేండ్లు పట్టినది, ఎంత ఖర్చైనది, నేడు జీతమెంత యని పిల్లల చేతనే అడిగింపవలెను. పి.ఆర్.ఓ. వచ్చినచో వెనుక బల్లమీద కూర్చుండి వినవచ్చును.