కాందిశీకుల గృహప్రవేశము

‘ఏ దిక్కునకు పోదును?’ అని దిక్కులు చూచువాడు కాందిశీకుడు. సంస్కృతమున ఆ పదమునకు వ్యుత్పత్తియే అది. భయముచే పరుగెత్తినవాడని అమరకోశము అర్థము చెప్పినది. జాషువ 1945లో తన కావ్యమునకు ఈ మాటనే పేరుగా నుంచెను; అందలి బాటసారి యుద్ధకాలమున బర్మానుండి పారివచ్చుచున్న తెలుగువాడు. నిఘంటువు పరుగువరకే చెప్పును. పరుగు ఆగినపిదప ఆ మనిషి ఏమగునో చెప్పదు.

బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలోని భాగము. తీరాంధ్రమునుండి ఓడలెక్కి పోయినవారు రంగూను రేవులో బరువులు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరుమీదుగా అచ్చటివారు వీరిని ‘కోరంగీలు’ అనిరి. 1930 మే నెలలో రేవుపనిని గూర్చిన తగవు తెలుగు కూలీలపై దాడిగా మారినది. 1942లో జపాను సేనలు చొరబడగా లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి అరకాను, మణిపురము, అస్సాము దారులు పట్టిరి. వేలకొలది మంది దారిలోనే రాలిపోయిరి. అయినను పెక్కురు అచ్చటనే నిలిచిరి. యుద్ధము ముగియగానే మరల వెళ్లినవారును కలరు. వారిని పెకలించినది 1962లో వచ్చిన సైనిక ప్రభుత్వము. 1964లో దుకాణములు జాతీయము చేయబడినవి. ఆ యేడు మే నెలలోనే 50, 100 క్యాట్ల నోట్లు చెల్లకుండ పోయినవి. ఓడ యెక్కువారు ఒంటిమీది బంగారమును సైతము విడువవలసి వచ్చెను.

కాగితములలో వీరు ‘స్వదేశమునకు తిరిగివచ్చినవారు’. మంచిమాటయే! కాని పుట్టుక, పెండ్లి, బిడ్డల బారసాల అన్నియు బర్మాలోనే జరిగినవారు తిరిగివచ్చుట యెట్లు? తాత విడిచిన ఊరు మనుమనికి వట్టి పేరు. అచ్చట కోరంగీ అనిపించుకొన్నవాడు ఇచ్చట బర్మావాడయ్యెను. రెండు తావులందును అతనికి పేరు పెట్టినది పొరుగువారే.

విశాఖపట్టణమున కంచరపాలెము వైపున ‘బర్మా క్యాంపు’ కలదు. క్యాంపు అనగా మజిలీ. నాలుగు దినములుండి లేచిపోవు చోటు. ఆ మాటయే నేడు ఉత్తరములపై వ్రాయు చిరునామా. ఋణములు, ఇండ్లస్థలములు, కొలువులు అవసరమే, వానిని తక్కువచేయరాదు. కాని స్థలము ఇల్లగుట పొయ్యి రాజుకొన్ననాడు. కొబ్బరిపాలలో కోడిమాంసము ఉడికించి, సెనగపిండితో చిక్కబరచి, సేమియావంటి పోగులపై పోసికొను ఖౌస్వే అను వంటకము వీరితో సముద్రము దాటి వచ్చినది. బంగారమును ఆపిన అధికారులు దీనిని ఆపలేకపోయిరి. చెన్నైలో 1969లో వెలసిన బర్మా బజారు దాపునను అట్లే ‘అత్తో’ అమ్ముదురు. రంగూనులో ఉన్నంతకాలము ఉగాదిపచ్చడికి వేపపువ్వు వెదకిన చేతులే, ఇచ్చటికి వచ్చి బర్మావంటకు దినుసులు వెదకినవి. పోగొట్టుకొన్న ఊరిని మనిషి వెదకుకొనుట ఎల్లప్పుడును ఇట్లే.

1964లో పదేండ్ల ప్రాయమున ఓడ దిగినవారు నేడు డెబ్బది దాటినారు. ఓడమీది రాత్రులు, విడిచివచ్చిన వీధి, నాలుకపై మిగిలిన బర్మా మాటలు వారితోనే ఉన్నవి. ‘మా ఇల్లు’ అని ప్రతియేడు పిల్లలచేత వ్యాసము వ్రాయించు ఉపాధ్యాయులు ఒక ఆదివారము వారిని ఇట్టి పెద్దలకడ కూర్చుండబెట్టవచ్చును. ప్రశ్నలు పెక్కు అక్కరలేదు. ‘మీ ఊరేది?’ అని అడిగినచో చాలును. వెంటనే చెప్పు పేరును, కొంచెము ఆగి చెప్పు రెండవ పేరును, రెంటిని వ్రాసికొనవలెను.