జాలియు చెలిమియు

దయ గొప్ప గుణమని పెద్దలందఱు చెప్పుదురు. అది సత్యమే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టించునది దయ. పడినవానిని లేవనెత్తించునది దయ. కాని చూపు లేనివారికిని, నడువలేనివారికిని ఇతరులు చూపవలసినది దయ యొక్కటియేనా? దయ చూపువాడు మెట్టుపైన నిలుచును. దానిని పొందువాడు మెట్టుక్రింద నిలుచును. చెలిమిలో ఆ మెట్టు ఉండదు. ఈ భేదమును తెలిసికొనుటకు అమెరికా దేశమున ఇరువురి నడుమ కుదిరిన స్నేహము మంచి నిదర్శనము.

హెలెన్ కెల్లర్ 1880లో అలబామా రాష్ట్రమున జన్మించెను. పందొమ్మిది నెలల ప్రాయమున వచ్చిన జబ్బు ఆమె చూపును, వినికిడిని గూడ హరించెను. 1887లో ఆన్ సలివన్ అను ఉపాధ్యాయిని వచ్చి, అక్షరముల గుర్తులను అరచేతిలో వ్రేళ్లతో తెలుపుచు ఆ బాలికకు భాష నేర్పెను. ఒకనాడు చేతిపై నీరు ధారగా పడుచుండగా, రెండవ చేతిలో గురువు ‘నీరు’ అను మాట గుర్తులతో తెలిపెను. ప్రతి వస్తువునకు ఒక పేరు కలదని హెలెనుకు ఆ క్షణమున బోధపడెను.

1895లో న్యూయార్కు నగరమున ఒక మిత్రుని యింట ఆమె మార్క్ ట్వెయినును కలిసికొనెను. ఆమెకు పదునాలుగేండ్లు, ఆయనకు అరువదికి ఒకటి తక్కువ. ఆయన లోకప్రసిద్ధుడైన హాస్యరచయిత. మాటలతో జనులను నవ్వించుట ఆయన విద్య. ఆ బాలికకో చెవులు వినబడవు. ఇట్టివారికి చెలిమి కుదురునని ఎవ్వరు తలంతురు? హెలెను తన వ్రేళ్లను ఆయన పెదవులపై నుంచి, వాని కదలికనుబట్టి కథలను గ్రహించి కడుపుబ్బ నవ్వెను.

మఱుసటి యేడు ట్వెయినుకు కష్టకాలము. వ్యాపారనష్టముచే ఆయన అప్పులపాలై యుండెను. 1896 ఆగస్టులో పెద్దకుమార్తె మరణించెను. ఆ దుఃఖమున మూడు నెలలైనను గడచెనో లేదో, ఆయన హెలెను చదువును మఱువక, ధనికుడైన తన మిత్రుడు రోజర్సు భార్యకు ఉత్తరము వ్రాసి సహాయము కోరెను. రోజర్సు తోడ్పడెను. హెలెను 1900లో రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరి, 1904లో పట్టము పొందెను.

ధనసహాయము జాలితోను చేయవచ్చును. వారి చెలిమి యెట్టిదో 1909లో జరిగిన ఒక చిన్న విషయము తెలుపుచున్నది. అప్పటికి ట్వెయిను భార్యను కోల్పోయి ఒంటరియై యుండెను. హెలెను ఆయన యింటికి అతిథిగా వెళ్లెను. ఆయన ఆమెకు ఇల్లంతయు చూపి, బిలియర్డ్సు ఆట నేర్పుదునని చెప్పెను. ఆ యాటకు చూపు కావలెను గదా యని ఆమె యనగా, తన మిత్రులు ఆడునట్టి ఆటకు చూపుతో పనిలేదనియు, అంధులైనను వారికన్న అధ్వానముగా ఆడజాలరనియు ఆయన బదులు చెప్పెను!

అంధురాలియెదుట అట్టి పరిహాసము తగునా యని కొందఱు శంకింపవచ్చును. ఆయన ఎగతాళి చేసినది హెలెను గ్రుడ్డితనమును గాదు. చూపుండియు ఆడలేని తన మిత్రులను. ఒకరి లోపమును జూచి నవ్వుట క్రౌర్యము; వారితో గలసి నవ్వుట స్నేహము. ఆయన తన్నొక వింతవస్తువుగా చూడలేదనియు, కష్టములను దాటు మార్గమును వెదకుచున్న మనిషిగా చూచెననియు హెలెను తరువాత కృతజ్ఞతతో వ్రాసికొనెను. ఆయన నవ్వు వెనుక దాగిన శోకమును ఆమెయు గుర్తించెను. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు ఇరువైపుల నుండినచోటనే చెలిమి నిలుచును.

మన దేశమున వికలాంగుల హక్కులకై 2016లో చేసిన చట్టము, వారు తక్కిన పిల్లలతో గలసి చదువుకొనవలెనని చెప్పుచున్నది. చట్టము బడి తలుపు తెఱవగలదు. బల్లపై తన ప్రక్కన చోటిచ్చుట మాత్రము సహాధ్యాయుల పని.

బాలబాలికలారా! చంకకఱ్ఱలతో నడచు తోటివానిని ఆటస్థలమున సంచులకు కాపలాగా కూర్చుండబెట్టుట సులభము. “ఈ యాటలో నీవెట్లు చేరెదవు?” అని వానినే అడుగుడు. చక్రాలకుర్చీని త్రోయుటకు ముందు, త్రోయవలెనా యని అడుగుడు. వానికి తెలిసిన లెక్కను వానివద్ద నేర్చుకొనుడు. వాడు తప్పు చేసినచో తప్పని చెప్పుడు. మీ తప్పును వాడు చెప్పినపుడు వినుడు. అంతకుమించి వాడు కోరునది లేదు.